పూడ్చే కుండలు కొనేముందు: మా చేనులో, పెరట్లో వాడి చూసిన సంగతులు

మొక్క పక్కన మట్టికుండ పూడ్చి, నీళ్లు నింపి మూత పెడితే మొక్క తనకు కావాల్సినంత తాగుతుందని ఈమధ్య చాలామంది చెప్తున్నారు. ఆ మాట నిజమే. కానీ ఎలాంటి కుండ కొనాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఆన్‌లైన్‌లో ఎర్రగా, నున్నగా ఫొటోకి బాగున్న కుండ కొని, పూడ్చి, వారమైనా నీళ్లు దిగక "ఇదంతా ఉత్తదే" అని వదిలేసినవాళ్లు నాకు తెలుసు. ఆ పక్క ఊళ్లోనే మామూలు కుమ్మరి కుండతో మామిడి మొక్కలు వేసవి దాటాయి. నీళ్లు ఊరేది మట్టిలోంచి. అందుకే మట్టి ఎలా కలిపారో, ఎలా కాల్చారో చూసి కొనాలి. ఈ సమీక్ష దాని గురించే.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఏడాది మొత్తం కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే మామూలు సంవత్సరం అనుకుంటాం. అది కూడా ఒక్కోసారి నాలుగు వానల్లోనే పడిపోతుంది. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. ఇంటి వెనక పెరడు ఉంది, ఊరి బయట ఎకరంన్నర ఎర్రనేల ఉంది. చేనులో మామిడి, సీతాఫలం, కొన్ని జామలు పెట్టాం. బోరు ఉన్నా, ఉగాది దాటిందంటే కాసేపు పోసి కాసేపు ఆగుతుంది. ఆ కాసేపటి నీళ్లను ఎంత పొదుపుగా వాడతామన్నదే మాకు వ్యవసాయం.

ముందు కుమ్మరి పెద్దాయన గురించి చెప్తాను. నా దృష్టిలో ఇది ఆయన పనికి రాస్తున్న సమీక్షే.

ఆయన ఇల్లు మా పక్క ఊళ్లో, చెరువు కట్టకు దిగువన ఉంటుంది. ఇంటి ముందు కుండలు తిప్పే సారె, పక్కన తడిగుడ్డ కప్పిన మట్టి ముద్దలు, వెనక కుండలు కాల్చే ఆవం. నీళ్ల కుండలు, పెళ్లి కుండలు, దీపావళికి ప్రమిదలు చేస్తారు. నాకు కావాల్సిన కుండ సంగతి చెప్తే మొదట ఆశ్చర్యపోయారు. "కారే కుండ కావాలని అడిగినోళ్లని ఇంతవరకు చూడలేదు టీచరమ్మా. అందరూ కారని కుండ కోసమే వస్తారు" అన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి ఆయనే అన్నారు: "అయినా నీళ్లు సల్లబడాలంటే కుండ చెమర్చాల్సిందే కదా. నీకు ఇంకాస్త ఎక్కువ చెమర్చాల. అంతే కదా?"

అంతే. ఆ ఒక్క మాటతో ఆయనకు పని మొత్తం అర్థమైపోయింది. నేను పుస్తకం చదివి తెలుసుకున్న విషయాలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

ఆయన చేసిన మార్పులు ఇవి. చెరువు మట్టిలో మామూలు కంటే కొంచెం ఎక్కువ ఇసుక కలిపారు. దానికి తోడు సన్నగా జల్లించిన రంపపు పొట్టు కలిపారు. ఆవంలో కాలినప్పుడు ఆ పొట్టు బూడిదై పోయి, అది ఉన్న చోటల్లా కంటికి కనపడని సందులు మిగులుతాయి. నీళ్లు ఊరేది ఆ సందుల్లోంచే. పొట్టు ఎక్కువైతే కుండ చేతిలోనే విరుగుతుంది, తక్కువైతే ఊరదు. ఎంత కలపాలన్నది ఆయన మట్టిని పిసికి చూసి తేల్చుకున్నారు. కొలత అడిగితే "చెయ్యి చెప్తుందమ్మా" అన్నారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అమ్మకానికి పెట్టే కుండలకు మెరుపు రావాలని జాజు (ఎర్రమట్టి పూత) పూసి, నున్నటి రాయితో రుద్దుతారు. అలా రుద్దితే పై మట్టి గట్టిపడి సందులు మూసుకుపోతాయి. నా కుండలకు జాజు వద్దు, రుద్దడం వద్దు అని చెప్పాను. ఆయన భార్యకు అది నచ్చలేదు. "ఇట్ల గరుకు గరుకుగా ఉంటే చూసేవాళ్లు మా పని బాగలేదనుకుంటారు గదమ్మా" అని బాధపడింది. నేలలో పూడుస్తాం అవ్వా, పైన మూతి తప్ప ఏమీ కనపడదు అని చెప్తే ఒప్పుకుంది. ఆమె పట్టింపు నాకు చాలా నచ్చింది. మూతి అంచు మాత్రం చక్కగా తీర్చి ఇచ్చింది.

ఆకారం గురించి కూడా చెప్పాలి. కడుపు వెడల్పుగా, మెడ సన్నగా, మూతి చెయ్యి పట్టేంత ఉండాలి. మూతి పెద్దదైతే నీళ్లు పైనుంచే ఆవిరైపోతాయి. మరీ చిన్నదైతే లోపల కడగడానికి చెయ్యి పోదు. చేనులో మొక్కలకు ఎనిమిది లీటర్లవి, పెరట్లో కూరగాయలకు నాలుగైదు లీటర్లవి చేయించాను. మూతలుగా మూకుళ్లు ఇచ్చారు. పెద్ద కుండ మూకుడుతో కలిపి తొంభై రూపాయలు పడింది, చిన్నది యాభై ఐదు. ఆటో బాడుగ వేరు. వరిగడ్డి పరిచి, కుండకూ కుండకూ మధ్య గడ్డి కుక్కి ఆయనే దగ్గరుండి ఎక్కించారు. రాళ్ల దారిలో వచ్చినా పగిలినవి ఒకటి రెండే, వాటికి బదులు అడగకుండానే ఇచ్చారు.

కొనేటప్పుడు కుండను ఎలా పరీక్షించాలో చెప్తాను. ఈ సమీక్షలో ఇంకేం గుర్తుంచుకోకపోయినా ఇది గుర్తుంచుకోండి. ముందు వేలితో తట్టండి. "ఖంగు"మని పొడుగ్గా మోగితే బాగా కాలి బిగుసుకున్న కుండ. నీళ్లు దాచుకోవడానికి మంచిదే గానీ, పూడ్చడానికి అంత పనికిరాదు. మరీ "డబ్"మని మొద్దుగా మోగితే పచ్చిదో, బీట పడిందో. రెండింటికీ మధ్య మోత కావాలి. అయినా మోత ఒక్కటే నమ్మొద్దు. కుండను అంచుదాకా నింపి, పొడి గచ్చు మీద పెట్టి చూస్తూ ఉండండి. మంచి కుండ అయితే కాసేపటికి అడుగు భాగం రంగు మారడం మొదలవుతుంది. ఎరుపు కాస్తా ముదురు ఎరుపై, ఆ చెమ్మ గీత కడుపు మీదుగా పైకి పాకుతుంది. గంట తిరిగేసరికి కుండ మొత్తం ఒకే రంగులోకి రావాలి. వేలితో తాకితే తడి అంటాలి. అంతేగానీ చుక్కలు చుక్కలుగా ధార కట్టకూడదు. ఒక్కచోట నుంచే నీళ్లు కారుతుంటే అది ఊరడం కాదు, పగులు. అలాంటిది పక్కన పెట్టేయండి. రాత్రంతా అలాగే ఉంచి పొద్దున చూస్తే మా ఎనిమిది లీటర్ల కుండల్లో లీటరు నుంచి లీటరున్నర దాకా తగ్గింది. అసలు తగ్గని కుండలు కూడా ఆవం నుంచి కొన్ని వచ్చాయి. మంట నేరుగా తగిలిన చోట ఉన్నవి అలా బిగుసుకుపోతాయట. వాటిని ఆయనే మంచినీళ్ల కుండలుగా వెనక్కి తీసుకున్నారు.

ఇది ఎందుకు పనిచేస్తుందో మా పిల్లలకు చెప్పినట్టే చెప్తాను. ఎండిన మట్టికి నీళ్లను లాక్కునే గుణం ఉంటుంది. కుండ చుట్టూ మట్టి ఎండితే కుండ గోడలోంచి నీళ్లను లాగుతుంది. మట్టి తడిసి తృప్తి పడితే ఆ లాగుడు తగ్గిపోతుంది, కుండ నుంచి నీళ్లు రావడం కూడా తగ్గిపోతుంది. మొక్క వేళ్లు ఆ తడిని తాగేకొద్దీ మట్టి మళ్లీ ఎండి మళ్లీ లాగుతుంది. మధ్యలో మోటారు లేదు, వాల్వు లేదు, కరెంటు కోసం ఎదురుచూపు లేదు. నేల పైభాగం పొడిగా ఉంటుంది కాబట్టి ఎండకు ఆవిరయ్యేది చాలా తక్కువ. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటే పాదు మధ్యలో కుండ పూడ్చి చుట్టూ పుచ్చ జాతి గింజలు పెట్టి, కుండకు పెంకు మూతేసి పండించేవారు. మన పల్లెల్లో కూడా కొత్త మొక్కకు కుండ అడుగున చిల్లు పెట్టి, గుడ్డ వత్తి దూర్చి పూడ్చడం పాతకాలం వాళ్లకు తెలుసు. మా అత్తగారు ఆ వత్తి పద్ధతే మేలంటారు. కానీ వత్తి కుళ్లిపోతుంది, లేదా బంకమట్టితో మూసుకుపోతుంది. అప్పుడు కుండ మొత్తం తవ్వి తీయాలి. కుండే ఊరేదైతే వత్తి అక్కర్లేదు.

పూడ్చడంలో ఓపిక కావాలి. కుండ పట్టేంత గుంత కాకుండా, చుట్టూ బెత్తెడు ఎక్కువ ఉండేలా తవ్వాలి. పూడ్చే ముందు కుండను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. తవ్విన మట్టిలోంచి రాళ్లు, గడ్డలు ఏరేసి, చివికిన పశువుల ఎరువు కలిపి, నీళ్లు పోసి గుజ్జుగా చేసి, ఆ గుజ్జును కుండ చుట్టూ చేత్తో కుక్కాలి. కుండకూ మట్టికీ మధ్య గాలి సందు ఉంటే అక్కడ నీళ్లు దాటవు. చాలామంది పొడి మట్టి తోసేసి కాలితో తొక్కుతారు. అది చాలదు. మూతి నేలమట్టం కంటే రెండు వేళ్ల ఎత్తులో ఉంచితే వాన నీళ్లతో మట్టి లోపలికి కొట్టుకురాదు. కుండ కడుపుకూ మొక్క మొదలుకూ మధ్య జానెడు దూరం ఉంచాం. మాలాంటి గరప నేలలో (ఇసుక పాలు ఎక్కువున్న నేలలో) తడి కుండ చుట్టూ జానెడుకు మించి పక్కకు పోదు. ఇనప చువ్వ గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. తడి ఉన్నంతవరకు మెత్తగా దిగుతుంది, తర్వాత ఆగిపోతుంది. రేగడి అయితే తడి ఇంకా దూరం పోతుంది. కానీ రేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, ఆ లాగుడుకు కుండ పగిలే ప్రమాదం ఉంది. రేగడి నేల ఉన్నవాళ్లు కుండ చుట్టూ ఇసుక కలిపిన మట్టి వాడి, పైన ఆకు, గడ్డి మందంగా కప్పాలి.

ఫలితం ఎలా ఉందో చెప్తాను. చేనులో మామిడి మొక్కలకు మొదటి వేసవిలో ఇంతకుముందు పైపుతో పాదులు నింపేవాళ్లం. మొక్కకు పదిహేను ఇరవై లీటర్లు పోసినా మూడో రోజుకు పాదు తెల్లగా బీటలు పడేది. కుండ పెట్టాక మామూలు రోజుల్లో వారానికి ఒకసారి, మండు వేసవిలో నాలుగు రోజులకొకసారి నింపితే సరిపోయింది. నింపిన ప్రతిసారీ పట్టేది ఆరేడు లీటర్లే. ఆకులు మధ్యాహ్నం కూడా వాలలేదు. ఏప్రిల్ చివర్లో, ఏమీ మొలవదనుకునే ఎండలో, రాగి రంగు చిగుళ్లు వేశాయి. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది ఆ చిగుళ్లను చూశాకే.

వేళ్లు ఏం చేస్తున్నాయో చూడాలని ఎండిపోయిన ఒక సొరపాదు దగ్గర కుండను మెల్లగా తవ్వించాను. పిల్లలకు చూపించాలని కూడా ఉండింది. కుండ అడుగు సగం అంతా సన్నటి తెల్లటి వేళ్లు వలలాగా అల్లుకుని ఉన్నాయి. మూతి వైపు, నీళ్లు తరచూ దిగిపోయే చోట, వేళ్లు దాదాపు లేవు. అంటే కుండను ఎప్పుడూ సగానికి పైన ఉంచితేనే పూర్తి లాభం. సగం కంటే దిగితే ఊరే గోడ కూడా సగమే పనిచేస్తుంది. ఆ తర్వాత నుంచి నింపే పని ఖాళీ అయ్యేదాకా ఆపడం మానేశాం. వేళ్లు కుండను పగలగొడతాయా అని చాలామంది అడుగుతారు. కూరగాయల వేళ్లు ఏమీ చేయవు. చెట్టు పెద్దదై వేళ్లు లావెక్కితే పగలొచ్చు. అప్పటికి దానికి ఆ కుండ అవసరం తీరిపోయి ఉంటుంది.

పెరట్లో సొర, బీర, కాకర, గుమ్మడి, దోస బ్రహ్మాండంగా వచ్చాయి. ఒక కుండ చుట్టూ నాలుగు పాదులు. టమాటా, వంగ కూడా బాగున్నాయి. ఆకుకూరలకు మాత్రం ఇది సరికాదు. తోటకూర, పాలకూర, కొత్తిమీర మడి అంతా ఒత్తుగా ఉంటాయి, వేళ్లు పైపైనే ఉంటాయి. కుండ చుట్టూ ఉన్నవి పచ్చగా, మడి అంచున ఉన్నవి పసుపుగా కనపడ్డాయి. ఆకుకూరలకు చేత్తో చల్లుకోవడమే మేలు. ఏ గింజ పెట్టినా మొలిచి వేరు కుండ దాకా వెళ్లేవరకు పైనుంచి నీళ్లు చల్లాలి. కుండ పెట్టాం కదా అని వదిలేస్తే గింజ మొలవదు.

కలుపు తగ్గడం నేను అనుకోని లాభం. పైన మట్టి పొడిగా ఉంటే గింజ కలుపు మొలవదు. తుంగ మాత్రం ఎక్కడైనా వస్తుంది, దానికి ఏ పద్ధతీ అడ్డు కాదు. కూలీ ఖర్చు లెక్క వేసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక ఆన్‌లైన్ కుండలు. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి, "అమ్మా, నీకు ఇష్టమని" అంటూ ఒక కంపెనీ వాళ్లవి పంపించాడు. అందమైన పెట్టె, లోపల రంగు కాగితం, వాడే విధానం ముద్రించిన కార్డు. లీటరు పట్టే కుండ ఒక్కొక్కటి ఐదు వందలకు పైనే. ఆకారం చక్కగా ఉంది, మూత సరిగ్గా కూర్చుంది. కానీ పైన ఏదో పూత ఉంది. అది అందం కోసమో, రవాణాలో గీతలు పడకూడదనో తెలియదు గానీ, గచ్చు మీద పెట్టి రాత్రంతా ఉంచితే గోడ పొడిగానే ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫొటోలు పంపితే, "నేలలో పెట్టాక పనిచేస్తుంది మేడమ్" అన్నారు. నేలలో పెట్టి చూశాను, నీటి మట్టం కదలలేదు. డబ్బు వెనక్కి అడిగితే వాడిన వస్తువు తిరిగి తీసుకోము అన్నారు. పనిచేస్తుందో లేదో వాడకుండా ఎలా తెలుస్తుందని అడిగాను. దానికి జవాబు రాలేదు. మా అబ్బాయి ప్రేమగా పంపినవి, అందుకని బయటివైపు గరుకు కాగితంతో అడుగు భాగమంతా గీకించాను. ఇప్పుడు కొంచెం ఊరుతున్నాయి. బాల్కనీ తొట్లలో గులాబీలకు వాడుతున్నాను. అన్ని కంపెనీలవీ ఇలాగే ఉంటాయని అనను. బెంగుళూరు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో తొట్లకు చిన్న కుండ కావాలంటే ఆన్‌లైన్ తప్పదు. కొనేముందు మాత్రం "పూత ఉందా, గోడ ఊరుతుందా" అని రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి.

మా తమ్ముడు హిందూపురం దగ్గర మల్బరీ పెంచుతాడు. వాడికి నా కుండల మీద నమ్మకం లేదు. "అక్కా, ఎకరాలకెకరాలు కుండలకు నీళ్లెవరు మోస్తారు?" అంటాడు. వాడు భూమిలోపల డ్రిప్ వేయించాడు. 2003లో మన రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం వచ్చాక మా వైపు డ్రిప్ పైపు తెలియని రైతు లేడు. కానీ దాన్ని జానెడు లోతులో పూడ్చి వాడటం అందరూ చేసేది కాదు. వాడి తోట చూశాక దాని సంగతి కూడా రాయకపోతే అన్యాయం అవుతుంది. మల్బరీ కొమ్మలు కత్తిరించేటప్పుడు, వరుసల మధ్య దున్నేటప్పుడు పైన పైపులు అడ్డం ఉండవు. ఉడుతలు, అడవి పందులు కొరికే బాధ తగ్గింది. ఎండకు పైపు పెళుసెక్కడం లేదు. ఎరువు నేరుగా వేరుకే పోతోంది.

కానీ దాని అవస్థలు దానికున్నాయి. పైన ఉన్న పైపులో డ్రిప్పర్ (నీళ్లు చుక్కలుగా వదిలే భాగం) మూసుకుపోతే చుక్క పడటం లేదని కళ్లకు కనపడుతుంది. లోపల మూసుకుపోతే మొక్క వాడిపోయేదాకా తెలియదు. అందుకే మంచి ఫిల్టరు తప్పనిసరి, లైన్ల చివర మూతలు తీసి క్రమం తప్పకుండా ఫ్లష్ చేయాలి, నీళ్ల మీటరు చూసి ఎంత పారుతోందో గమనించాలి. మోటారు ఆపగానే పైపులో ఖాళీ ఏర్పడి డ్రిప్పర్ల ద్వారా బురదను లోపలికి పీల్చుకుంటుంది. అది జరగకుండా ఎత్తైన చోట గాలి వాల్వు పెట్టాలి. వాడికి పైపులు బిగించిన మనిషి ఆ వాల్వు పెట్టకుండానే లెక్క కట్టి వెళ్లిపోయాడు. మొదటి పంటకే కొన్ని వరుసలు బురద పట్టాయి. తర్వాత వేరే మెకానిక్‌ని పిలిచి వాల్వు పెట్టించుకున్నాక బాగుంది. ఇంకొక సంగతి, వేళ్లు నీటి కోసం డ్రిప్పర్ రంధ్రంలోకే దూరతాయి. అందుకే పూడ్చడానికి వేళ్లు దూరకుండా తయారుచేసిన డ్రిప్పర్లున్న పైపు కొనాలి, మామూలు పైపు తెచ్చి పూడిస్తే ఎక్కువ కాలం రాదు. నీళ్లు మరీ ఎండనిస్తే వేళ్లు ఇంకా ఎక్కువగా దూరతాయి. ఎకరాల లెక్కన, దగ్గర వరుసల పంట వేసేవాళ్లకు మా తమ్ముడి పద్ధతే సరి. వాడితో ఆ మాట వాడి పొలంలోనే ఒప్పుకున్నాను.

నీళ్లు మోసే బాధ లేకుండా కుండ పద్ధతిని చేనుకు తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ కన్సర్న్స్ సంస్థకు చెందిన కె.ఎస్. గోపాల్ గారు 'స్వర్' అనే పద్ధతి తయారుచేశారు. ఎత్తులో ట్యాంకు ఉంటుంది. దాన్నుంచి సన్నటి పైపుల ద్వారా మొక్కల దగ్గర పూడ్చిన ప్రత్యేకమైన కుండల్లోకి నీళ్లు చేరతాయి. ఆ కుండ నుంచి సన్న గొట్టాల ద్వారా ఇసుక సంచిలోకి, అక్కణ్ణుంచి వేళ్లకు తడి అందుతుంది. ఆ కుండలు చేసేది స్థానిక కుమ్మరులే. 2015లో పారిస్ వ్యవసాయ ప్రదర్శనలో దానికి అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అది చదివాకే నేను మా చేనులో రాళ్ల గుట్ట మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టించి, ఒక వరుస కుండలకు సన్న పైపులు పెట్టాను. మాది వాళ్ల డిజైన్ కాదు, మామూలు కుండలోకి పైపు దించడమే. ట్యాంకు కింద నల్లా తిప్పితే ఆ వరుస నిండుతుంది. అయితే పల్లంలో ఉన్న కుండ ముందు నిండి పొర్లిపోతుంది, ఎత్తులో ఉన్నదానికి చాలదు. ఒక్కో పైపుకు చిన్న నల్లా బిగించి ప్రవాహం సరిచేసుకోవాల్సి వచ్చింది. నేల సమంగా ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు.

కుండలతో అసలైన సమస్య ఉప్పు. మా బోరు నీళ్లు గట్టి నీళ్లు. ఒక వేసవి గడిచేసరికి మెడ దగ్గర తెల్లటి పొర కట్టింది. ఊరడం నెమ్మదిగా తగ్గింది. చెరువు నీళ్లు, వాన నీళ్లు వాడేవాళ్లకు ఇది అంతగా ఉండదు. మేము వానాకాలం ముందు పెరట్లో కుండలు తీసి, లోపల కొబ్బరి పీచుతో రుద్ది, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, మంచి నీళ్లతో కడిగి మళ్లీ పూడుస్తాం. చాలావరకు తిరిగి ఊరతాయి. చేనులో మొక్కల దగ్గరవి తీస్తే వేళ్లు తెగుతాయి కాబట్టి వాటిని తీయం, లోపల మాత్రం చెయ్యి పెట్టి కడుగుతాం. కుండలో జీవామృతం, పేడ నీళ్లు, ఎరువు ద్రావణం ఏదీ పోయకూడదు. వాటిలోని నలుసు గోడలను మూసేస్తుంది. అవి పైన మట్టికే ఇవ్వాలి. నీళ్లు పోసేటప్పుడు కూడా మూతికి పల్చటి గుడ్డ కట్టి పోస్తే మంచిది. మూకుడు లేకుండా వదిలితే దోమలు గుడ్లు పెడతాయి, తొండలు పడి చచ్చిపోతాయి. మూకుడు మీద రాయి పెట్టండి, లేకపోతే కుక్కలు తోసేస్తాయి.

చెట్టు ఎదిగాక ఒక కుండ చాలదు. రెండో ఏడు మొక్కకు అవతలి వైపు, కాస్త దూరంగా ఇంకో కుండ పెట్టాం. వేళ్లన్నీ ఒకే పక్కకు పోకుండా ఉండటానికి కూడా అది అవసరం. మూడు నాలుగేళ్లు దాటిన మామిడిని కుండలతో పోషించాలనుకోవడం అత్యాశ. అప్పటికి అది లోతుకు వేళ్లు వేసి ఉండాలి. కుండ చేసే పని మొదటి వేసవులు దాటించడం. ఆ పని ఇది ఎంత బాగా చేస్తుందంటే, మాకు సెలవుల్లో ఊరెళ్లాలంటే మొక్కల టెన్షన్ పోయింది.

మార్కులు వేయమంటే, కుమ్మరి పెద్దాయన కుండకు ఐదుకు నాలుగున్నర వేస్తాను. ఆ అర తగ్గించింది కుండకు కాదు, ఆవంలో కొన్ని బిగుసుకుపోయి ఒక్కొక్కటీ పరీక్షించుకోవాల్సి రావడానికి. ఆన్‌లైన్‌లో వచ్చినదానికి ఒకటిన్నర, అది కూడా మూత బాగుందని. తమ్ముడి భూగర్భ డ్రిప్‌కు, సరిగ్గా బిగిస్తే, నాలుగు. పది సెంట్ల పెరడు, కొత్తగా పెట్టిన పండ్ల మొక్కలు, కట్ట మీద నాటిన నీడ చెట్లు ఉన్నవాళ్లు కుండలు కొనండి. మీ ఊరికి దగ్గర్లో కుమ్మరి ఉంటే ఆయన దగ్గరే చేయించండి. వాళ్లకు ప్లాస్టిక్ బిందెలు, ఫ్రిజ్‌లు వచ్చాక పని చాలా తగ్గిపోయింది. పెద్దాయన కొడుకు కళ్యాణదుర్గంలో ఆటో నడుపుతున్నాడు. మా ఊరి నుంచి ఇంకో మూడు ఇళ్లవాళ్లు ఈ కుండలు అడిగాక, సెలవు రోజుల్లో వచ్చి మట్టి తొక్కిపోతున్నాడట.

ఆర్డర్ ఇచ్చే సమయం కూడా చూసుకోండి. వానల్లో పచ్చి కుండలు ఆరవు, ఆవం పెట్టరు. దీపావళి నుంచి కార్తీకం చివరిదాకా ప్రమిదల పనిలో ఉంటారు, మాఘం దాటితే ఎండాకాలం నీళ్ల కుండల గిరాకీ మొదలవుతుంది. కార్తీకం అయ్యాక, సంక్రాంతికి ముందు వెళ్లి చెప్తే తీరిగ్గా చేసి ఇస్తారు. కొంత అడ్వాన్సు ఇవ్వండి, జాజు వద్దని చెప్పండి, కావాల్సిన వాటికంటే నాలుగు కుండలు ఎక్కువ అడగండి. తీసుకునే రోజు బిందెడు నీళ్లు అక్కడే అడిగి పోయించి, చెమ్మ పైకి పాకిందో లేదో చూసి ఆటో ఎక్కించుకోండి. పెద్దాయన ఏమీ అనుకోరు, స్టూల్ వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు.